అత్తమ్మ నింపిన సందులు

పోయిన నెలలో ఒక పొద్దున బీరకాయలకు చెక్కు తీస్తూ కూర్చుంటే ఫోన్ మోగింది. "భాబీ, మన క్లబ్బు రిజిస్టరు దొరికింది. మా దుకాణం అటక మీద గోనె సంచుల కింద ఉండె. ఎలుకలు అట్టనైతే కొరికినయి గని నీ రాతను ముట్టలే" అన్నాడు అవతలి మనిషి. నన్ను భాబీ అని పిలిచేది లోకంలో ఒక్కడే. మా మరిది చిన్ననాటి దోస్తు. హుజూరాబాద్‌లో తాళ్లు, తట్టలు, పగ్గాలు అమ్మే దుకాణం వాళ్లది. తండ్రి కాలం నుంచి మా ఊళ్లోని ఎడ్లన్నింటికీ పగ్గాలు అందించిన ఇల్లే కానీ, వాళ్లకు సొంతానికి గుంటెడు భూమి లేదు. అయినా పాతికేళ్ల కింద మా ఊళ్లో యువ రైతు సంఘం పెట్టినప్పుడు సభ్యుల పట్టీలో రెండో పేరు ఆయనదే. భూమి లేనివాడు రైతు సంఘంలో ఎట్లా అని ఎవరో అడిగితే, "తాడు నాది గదా" అన్నాడు. ఆ జవాబులో ఎంత నిజముందో తర్వాత తెలిసింది. ఇప్పుడు మార్కెట్ యార్డులో రైతు మేళా పెడుతున్నారట. పాత సంఘాల చరిత్రకు ఒక స్టాలు కేటాయించారట. మా క్లబ్బు రిజిస్టరు, ఒక ఫోటో అందులో పెడతారట. రాసినదాన్ని నేనే కనుక నేనే వచ్చి నాలుగు మాటలు చెప్పాలట. "జర యాది చేసుకొని రా భాబీ, అన్నీ మంచిగ చెప్పాలె" అని పెట్టేశాడు.

యాది చేసుకునే పని నాకు లేదు. ఆ రిజిస్టరులో ఏ పేజీలో ఏముందో, అంతకన్నా ముఖ్యంగా ఏం లేదో, నాకు బాగా తెలుసు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. పదో తరగతి పాసై వచ్చాను. ఆ ఇంట్లో అది పెద్ద చదువు. మా ఆయన కరెంటు పనికి తెల్లారి పోతే మాపటికి గానీ వచ్చేవాడు కాదు. ఇంట్లో మిగిలేది మామ, అత్త, మరిది, ఒక బర్రె, నేను. మరిదికి నాకంటే ఏడాదే ఎక్కువ వయసు. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి రాయనని తేల్చి చెప్పి, వ్యవసాయాఫీసు చుట్టూ తిరుగుతూ ఉండేవాడు. ఒకరోజు పదిమంది దోస్తులను అరుగు మీద కూర్చోబెట్టి, యువ రైతు క్లబ్బు పెడుతున్నామన్నాడు. మా మామకు క్లబ్బు అంటే పత్తాలు, అదే పేకాట, ఆడే చోటని మాత్రమే తెలుసు. మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఆడే క్లబ్బు కాదు, పండించే క్లబ్బు అని నచ్చజెప్పేసరికి వ్యవసాయాఫీసు సారు రెండుసార్లు మా ఇంటికి వచ్చి చాయ తాగాల్సి వచ్చింది. క్లబ్బుకు రిజిస్టరు ఉండాలన్నారు సారు. పదకొండు మంది మగపిల్లల్లో ఒక్కరి రాత కూడా ఇంకొకరు చదివేటట్టు లేదు. అట్లా నేను రాసే మనిషినయ్యాను. మీటింగు అరుగు మీద జరుగుతుంటే దర్వాజ లోపల కూర్చొని రాసుకునేదాన్ని. ఎవరేమన్నారో గొంతులను బట్టి పోల్చుకోవాలి.

మామ చివరికి ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. ఆ షరతును రిజిస్టరు మొదటి పేజీలో రాయించాడు కూడా. కాలువ కింది రెండెకరాలు ఒక్క యాసంగి పంటకు ఇస్తాడు. అందులో క్లబ్బు వాళ్లు సర్కారుకు సంకర వరి విత్తనం పండించి ఇవ్వొచ్చు. సారు వచ్చి చూసి పంట పాసయిందంటే భూమి క్లబ్బుకే ఉంటుంది. ఫెయిలంటే ఆ పొద్దే క్లబ్బు మూత. మరిది హుజూరాబాద్ పోయి చుట్టాల ఎరువుల దుకాణంలో కూర్చోవాలి. "ఇంటర్ లెక్క మూడుసార్లు ఉండదు. గిది ఒక్కటే సారి" అన్నాడు మామ. మరిది తల ఊపాడు. దుకాణంలో కూర్చోవడమంటే అతనికి ప్రాణం పోయినంత పని. ఎండలో తప్ప నీడలో నిలబడలేని మనిషి అతను.

సంకర వరి, అంటే హైబ్రిడ్ విత్తనం పండించడం మామూలు నాటు లాంటిది కాదు. పొలంలో రెండు రకాల వరి ఉంటుంది. రెండు వరుసలు మగవి, ఎనిమిది వరుసలు ఆడవి, మళ్లీ రెండు మగవి, అట్లా చివరిదాకా. ఆడ వరుసల పూతలో పుప్పొడి ఉండదు. మగ వరుసల నుంచి వచ్చి పడితేనే గింజ కడుతుంది. గాలి ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు కనుక, పూత విచ్చుకునే వేళకు అటొకరు ఇటొకరు ఒడ్ల మీద నిలబడి, సన్నటి తాడును పైరు మీదుగా లాగుకుంటూ నడవాలి. మగ వెన్నులు ఊగి పసుపు పచ్చటి దుమ్ము లేచి ఆడ వరుసల మీద పడుతుంది. ఆ తాడే మరిది దోస్తుది. దారిన పోయేవాళ్లు ఆగి, "వరికి లగ్గం జేస్తున్నరా? మరి పప్పన్నం ఎప్పుడు పెడ్తరు?" అని అడిగేవారు. మా పిల్లలు సిగ్గుపడి తాడు కిందికి వదిలేసేవారు. మళ్లీ ఎత్తుకునేవారు. ఇందులో పాటించాల్సింది ఒక్కటే: ఆడ వరుసల్లో ఆడ మొక్కలే ఉండాలి. వేరే రకం మొక్క కలిసిందంటే దాన్ని బెరుకు అంటారు. ఒకటీ అరా ఉంటే సారు చూసీ చూడనట్టు పోతాడు. అంతకు మించితే విత్తనం కల్తీ అవుతుంది, పొలం ఫెయిలవుతుంది.

ఇక మా అత్త సంగతి. మా ఊళ్లో నాట్ల గుంపుకు ఆమే పెద్ద. ఆమె చెంగు బిగించి పొలంలోకి దిగిందంటే మిగతా ఆడవాళ్లు నవ్వులు ఆపి వంగేవారు. తాడు పట్టకుండా, కర్ర పెట్టకుండా నాటితే వరుసలు పలక మీద గీసినట్టు వచ్చేవి. నాటు పూర్తయ్యాక ఒడ్డు మీద నిలబడి, తల కొంచెం పక్కకు వంచి, ఈ కొస నుంచి ఆ కొసకు చూసేది. ఎక్కడైనా సందు కనిపిస్తే ఊరుకోలేదు. "నడుమ సందుంటే నోట్లె పన్ను ఊడినట్టుంటది పిల్లా" అనేది. సొంత పొలమే కాదు, పక్కవాళ్ల పొలంలో సందు కనిపించినా నడుచుకుంటూ పోతున్నదల్లా దిగి రెండు కుచ్చులు గుచ్చి వచ్చేది. ఆ పొలం వాళ్లు కూడా ఏమీ అనేవారు కాదు, అది వాళ్లకు మర్యాద. క్లబ్బు పొలం నాటింది కూడా ఆమె గుంపే. మగ నారు కట్టలకు నా పాత రైక చింపి ఎర్ర పేలికలు కట్టి, ఇవి ఇక్కడే, అవి అక్కడే అని మరిది నాట్లయ్యేదాకా ఒడ్డు మీద నిలబడి అరుస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఒక్క తప్పూ జరగలేదు.

జరిగింది తర్వాతి వారం. ఎండ్రకాయలు అక్కడక్కడా ఆడ వరుసల్లో నారును కొరికేశాయి. మా అత్త నీళ్లు చూద్దామని పోయి ఆ సందులు చూసింది. కాలువ మూలన తడిలో మిగిలిపోయిన మగ నారు కట్టలు పచ్చగానే ఉన్నాయి. ఎర్ర పేలికలు ఎప్పుడో నీళ్లలో కొట్టుకుపోయాయి. ఉన్నా ఆగేది కాదనుకుంటాను. ఆమె దిగింది, సందులన్నీ నింపింది, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంది. అది చెప్పుకోదగిన పని అని కూడా ఆమెకు అనిపించలేదు. ముగ్గు వేసి, ముగ్గు వేశానని ఎవరు చెప్పుకుంటారు?

పైరు పొట్టకొచ్చింది, వెన్ను తీసింది, పూత మొదలైంది. రేపు సారు చూడడానికి వస్తాడనగా ఆ ముందు రోజు మధ్యాహ్నం నేను తాడు లాగేవాళ్లకు సద్ది తీసుకొని పోయాను. వాళ్లు తినడానికి తుమ్మచెట్టు నీడకు పోతే నేను ఒడ్డు మీద నిలబడి ఊరికే చూస్తున్నాను. ఆడ వరుసల పూత తెల్లగా, చప్పిడిగా ఉంటుంది. దాని నడుమ ఒకచోట పసుపు పచ్చగా కనిపించింది. తర్వాత ఇంకోచోట. తర్వాత వరుసగా నాలుగు. అది మగ పూత రంగు. సద్ది గిన్నె అక్కడే వదిలేసి ఇంటికి నడిచానో పరుగెత్తానో గుర్తులేదు. అత్త వాకిట్లో కందులు చెరుగుతోంది. సంగతి చెప్పాను. చాట ఆగిపోయింది. "అవి నేను పెట్టినయే పిల్లా" అంది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను ఎన్నడూ వినలేదు.

మరిదికి చెబుదామన్నాను. వద్దంది. వాడు తిడతాడని కాదు, తిట్టడని. తల్లి చేసిన తప్పును తన తప్పేనని తండ్రితో చెప్పి, నోరు మూసుకొని దుకాణంలో పోయి కూర్చుంటాడు. ఇంకొకటి కూడా ఉంది, అది ఆమె చెప్పకపోయినా నాకు అర్థమైంది. ముప్పై ఏళ్ల నాటులో ఆమె మీద ఒక్క మాట పడలేదు. ఆ రోజు మరిది సారును మళ్లీ ఒకసారి పిలవడానికి హుజూరాబాద్ పోయాడు. మిగతా పిల్లలు ఇండ్లకు పోయి పడుకున్నారు. మేమిద్దరం పొలానికి చేరేసరికి పూత ముడుచుకుంది. ఇప్పుడు చూస్తే పసుపూ లేదు, తెలుపూ లేదు, అంతా ఒక్కతీరే. ఎత్తులో కూడా నా కంటికి తేడా కనిపించలేదు. ఇక అయిపోయింది అనుకున్నాను. అత్త చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. "నా చేతులతోని పెట్టిన. నాకు ఎరుక లేదా?" అంది.

ఆ తర్వాత జరిగింది నేను ఎవరికి చెప్పినా నమ్మరనుకునేదాన్ని. ఆమె వరుసల నడుమ నడుస్తూ, కళ్లు సగం మూసుకొని, తనలో తనే మాట్లాడుకుంటూ మొక్కలను పట్టుకుంది. "ఈడ ఎండ్రకాయ బొక్క ఉండె. నాలుగు పెట్టిన. ఈడ కాలు జారింది, రెండు. గీ మూలకు నీళ్లు నిలబడ్డయి, ఒక్కటే బతికింది." రెండు నెలల కిందటి ప్రతి సందూ ఆమె వేళ్లలో ఉంది. నేను వెనక నడుస్తూ ఆమె పీకినవి పట్టుకునేదాన్ని. ప్రతి మొక్కనూ పీకే ముందు కళ్లకద్దుకుంది. వెన్ను తీసిన వరిని పీకడం ఆమె పుట్టి ఎరగని పని. "తప్పాయె తల్లీ, నిన్ను నిలబెట్టింది నేనే, పీకేది నేనే" అని గొణుగుతూ పీకింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు. పొద్దు వాలేసరికి ఒక మోపు అయింది. పైన గడ్డి కప్పి ఇంటికి తెచ్చి బర్రె ముందు వేశాం. "గీ ముచ్చట నీ కడుపుల పెట్టుకో" అంది అత్త. పెట్టుకున్నాను.

మర్నాడు సారు గొడుగు పట్టుకొని వరుస వరుసకూ తిరిగాడు. మామ చేతులు కట్టుకొని వెనకే నడిచాడు. మరిది మాత్రం ఒడ్డు మీది నుంచి కదల్లేదు. రెండు గంటల తర్వాత సారు గొడుగు ముడిచి, ఇంత శుభ్రమైన పొలం తాను చూడలేదన్నాడు. మామ తన తలకున్న రుమాలు తీసి కొడుకు తలకు చుట్టాడు. పదకొండు మంది తాడు పట్టుకొని నిలబడితే వ్యవసాయాఫీసు వాళ్లు ఫోటో తీశారు. ఆ సాయంత్రం నేను రిజిస్టరులో రాశాను: పొలంలో బెరుకులు లేవు. అది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు పట్టినంత సేపు పరీక్ష పేపరు రాయడానికి కూడా పట్టలేదు.

క్లబ్బు నిలబడింది. మరుసటి ఏడాదికి చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పిల్లలు వచ్చి చూసి పోయారు. మక్క విత్తనం, కూరగాయల నారు, కోళ్లు, అన్నీ చేశారు. కోళ్లు మాత్రం చేయకుండా ఉండాల్సింది, ఆ కథ వేరు. మరిది ఇప్పుడు మా పక్కింట్లోనే ఉంటాడు, ఊళ్లో ఎవరి పైరుకు తెగులు వచ్చినా ముందు అతన్నే పిలుస్తారు. మామ కొడుకును చూసి మురిసి, నిండుగా బతికి పోయాడు. అత్తకు ఎనభై దగ్గర పడింది, నడుం వంగింది, మాట వంగలేదు.

మేళాకు ముందు రోజు మాపటి పూట ఆమె కాళ్లకు నూనె రాస్తూ అడిగాను. "అత్తమ్మా, రేపు మైకుల మాట్లాడమన్నరు. పాత ముచ్చట చెప్పనా?" ఆమె కాలు లాక్కుంది. "నేను సచ్చినంక చెప్పు" అంది. సరే అన్నాను. ఆమె మంచి పేరు కంటే నా నాలుగు మాటలు ఎక్కువేం కాదు.

అత్తను, మరిదిని వెంటబెట్టుకొని పోయేసరికి మార్కెట్ యార్డు నిండా జనం. మందు కొట్టే డ్రోన్ల చుట్టూ పిల్లలు, ట్రాక్టర్ల చుట్టూ పెద్దలు, మిర్చి బజ్జీల చుట్టూ అందరూ. మా స్టాల్లో అద్దం కింద రిజిస్టరు సరిగ్గా ఆ పేజీకే తెరిచి పెట్టి ఉంది. పక్కన ఫోటో. దోస్తు కొత్త షేర్వాణీ వేసుకొని వచ్చినవాళ్లందరికీ తన తాడు చూపిస్తున్నాడు. నేను స్టేజీ ఎక్కి మామ షరతు గురించి, అరుగు మీది మీటింగుల గురించి చెప్పి, అందరినీ కాస్త నవ్వించి దిగాను. ఇంకేముంది, గట్టెక్కామనుకున్నాను. అప్పుడు వ్యవసాయాఫీసర్ మేడమ్ మైకు తీసుకుంది. చిన్న వయసు, చక్కటి మాట. నా వాక్యాన్నే పైకి చదివి, ఒక్క బెరుకు లేకుండా ఆ పొలం నాటిన అవ్వ ఇక్కడే ఉన్నదని చెప్పి, మా అత్తను స్టేజీ ఎక్కించి శాలువా విప్పింది.

అత్త రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఆగు బిడ్డా. నాకు కప్పకు" అంది. మేడమ్ అర్థం కాక మైకు ఆమె ముందుకు జరిపింది. అత్త మైకు వైపు కాదు, మరిది వైపు చూస్తూ చెప్పింది. "గా పొలం నేను మంచిగ నాటలే. మగ నారు తీస్కపోయి ఆడ వరుసల గుచ్చిన. సారు వచ్చే ముంగటి దినం నేను, నా కోడలు పోయి పీక్కొచ్చినం. చెయ్యని పనికి శాలువా కప్పుకుంటే అది నా ఒంటి మీద నిలబడదు." మరిది ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మరిది లేచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. "అవ్వా, నాకు అప్పుడే ఎరుకైంది" అన్నాడు. "నేను వచ్చేసరికి బర్రె గడ్డి ముట్టలే. దాని పండ్ల సందుల వరి వెన్ను ఇరికి ఉన్నది. చీకటితోనే లేచి లైటు పట్టుకొని పొలం పోయి చూసిన, బురదల మీ ఇద్దరి అడుగులున్నయి. తెల్లారక ముందే మొత్తం చదును చేసిన." జనం నవ్వారు. మరి ఎందుకు చెప్పలేదురా అని అత్త అడిగింది. "చెప్తే నువ్వు మళ్ల పొలంల దిగుదువా?" అన్నాడు. పాతికేళ్లుగా ఒకే బావి నీళ్లు తాగుతూ మేమిద్దరం అతని దగ్గర దాచాం, అతను మా దగ్గర దాచాడు. ఎవరికోసం ఎవరం దాచినా కారణం ఒక్కటే. మేడమ్ శాలువా అత్త భుజాల మీద కప్పేసింది. ఈసారి ఆమె అడ్డం పెట్టలేదు. అంతటితో అయిపోయేదే. కానీ మరిదికి సంతోషంలో నోరు ఆగదు. "మీరు ఇడిసిపెట్టినయి ఇంక మూడుండె. అవి నేనే పీకిన" అన్నాడు.

అత్త శాలువా సర్దుకుంటున్న చెయ్యి ఆగింది. "మూడా? ఏడ?" అంది. యాదికి లేదన్నాడు మరిది. "ఏడనో యాదికి లేదు, మూడని యాదికున్నదా? నేను ఒక్కటి ఇడిసిపెట్టలే" అంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. దోస్తు వచ్చి, పరేషాన్ కాకు అమ్మీ అంటూ ఆమెను మెల్లగా స్టేజీ దించాడు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా తల్లీకొడుకులు ఆ మూడింటి మీదే వాదించుకున్నారు. నేను నడుమ కూర్చొని హాయిగా విన్నాను. చాలా ఏళ్ల తర్వాత నా కడుపు తేలికగా ఉంది.

సాయంత్రం చాయ తీసుకొని పోతే అత్త మంచంలో శాలువా కప్పుకొనే కూర్చుంది. కళ్లు మూసుకొని ఉంది, కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి. "తూము కాడ నాలుగు... ఒడ్డెంబడి ఏడు... గా నడిమి మడిల..." చాయ చల్లారుతోందన్నాను. జర ఆగమన్నది. కాలువ కింది ఆ రెండెకరాల్లో ఇప్పుడు పామాయిల్ చెట్లు మనిషెత్తు దాటాయి, వరి నాటి ఎన్నేళ్లయిందో నాకే సరిగా గుర్తులేదు. మా అత్తకు మాత్రం ఆ యాసంగి ఇంకా గడవలేదు. పైరు పూత మీదే ఉంది, సారు రావడానికి ఇంకా ఒక పూట టైమున్నది.